కొండెక్కడానికి ఇరవై గుర్రాలు చాలు

టర్బోచార్జర్ పని పొగతో మొదలవుతుంది. సిలిండర్‌లో మండి బయటికి పోయే వాయువుల్లో ఇంకా చాలా శక్తి మిగిలే ఉంటుంది. అవి సైలెన్సర్ దారి పట్టేముందు ఒక చిన్న టర్బైన్ చక్రాన్ని తిప్పుతాయి. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న కంప్రెసర్ చక్రం బయటి గాలిని పీల్చి, ఒత్తి, ఇంజనులోకి నెడుతుంది. గాలి పెరిగితే మండించే ఇంధనమూ పెంచవచ్చు, దాంతో శక్తి పెరుగుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ ఈ ఆలోచనకు 1905లో పేటెంటు పొందాడు. ఇరుసు నిమిషానికి లక్షసార్లకు పైగా, చిన్న టర్బోల్లో రెండు లక్షలసార్లకు పైగా తిరుగుతుంది. దానికి ఆసరా పల్చటి ఆయిలు పొర ఒక్కటే.  

తిరుపతిలోని రేణిగుంట రోడ్డులో ఈ వారం వెలిసిన ఒక బోర్డు, టర్బో ఇంజను ఆయుష్షు రవ్వంత కూడా తగ్గకుండా పవర్ పెంచి ఇస్తామంటోంది. పవర్ పెంచడం నిజమే, కష్టమైన పనీ కాదు. చిరాకు పుట్టించేది ‘రవ్వంత కూడా’ అన్న మాట.

పెంచే పద్ధతులు మెట్లు మెట్లుగా ఉంటాయి. మొదటిది రీమ్యాపింగ్. ఇంజనును నడిపే కంప్యూటర్‌లో మ్యాపు అనే అంకెల పట్టిక మార్చి, ఉన్న టర్బో చేతనే ఎక్కువ ఒత్తిడి పుట్టించడం. తర్వాతి మెట్టులో ఎగ్జాస్టుకు వెడల్పాటి డౌన్‌పైపు, పెద్ద ఇంటర్‌కూలరు వస్తాయి. ఆపైన టర్బోనే మార్చేస్తారు. స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230లోని ఐఎస్20 టర్బో తీసి, ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్‌లో వాడిన ఐఎస్38 బిగించడం ఈ మూడో మెట్టుకు పేరుపడిన ఉదాహరణ. రెండు కార్లదీ ఒకే వంశపు రెండు లీటర్ల పెట్రోలు ఇంజను కాబట్టి అతుకు సులువు. కానీ గాలి పెరిగినప్పుడు ఇంధనం పంపూ, ఇంజెక్టర్లూ, క్లచ్చూ, గేర్‌బాక్సూ అన్నీ ఆ లెక్కకు అందుకోవాలి. ఒక్కటి వెనకబడినా బిల్లు అక్కడినుంచే మొదలవుతుంది.

టర్బోకు మొదటి శత్రువు వేడి. గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. తిరుపతి మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల గాలిని రెండింతల ఒత్తిడికి తెస్తే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకున్నా, అది దాదాపు 140 డిగ్రీలతో బయటికి వస్తుంది. దాన్ని చల్లబరచడం ఇంటర్‌కూలరు పని. అయితే చల్లబరచడానికి దొరికేదీ ఆ 42 డిగ్రీల గాలే. చల్లటి దేశంలో సరిచూసిన మ్యాపును మార్చకుండా ఇక్కడి బండికి ఎక్కించడం అందుకే ప్రమాదం. లోపలికి వెళ్లే గాలి వేడిగా ఉంటే పెట్రోలు, స్పార్క్‌ప్లగ్గు చెప్పినట్టు వినక, తనంతట తాను అంటుకుంటుంది. దీన్నే మెకానిక్‌లు నాకింగ్ అంటారు. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు దీన్ని అడ్డుకుంటుంది. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో 100 ఆక్టేన్ పెట్రోలు తెచ్చినా, తొలి విడత పది నగరాల్లో తెలుగు ఊరు ఒక్కటీ లేదు.

రెండోది టార్క్. జనం హార్స్‌పవర్ అంకె చూసి మురిసిపోతారుగానీ, కనెక్టింగ్ రాడ్లను వంచేది తక్కువ ఆర్‌పీఎంలో ఒక్కసారిగా పుట్టుకొచ్చే టార్క్. పిస్టన్ నెమ్మదిగా కదిలే ఆ క్షణాన సిలిండర్‌లో ఒత్తిడి పతాకస్థాయిలో ఉంటుంది. నేరుగా సిలిండర్‌లోకే పెట్రోలు చిమ్మే చిన్న టర్బో ఇంజన్లలో అప్పుడప్పుడు ఆయిలు తుంపర కూడా ముందే అంటుకుంటుంది. అలాంటి ఒక్క దెబ్బకే పిస్టన్ రింగుల గట్టు విరిగిపోవచ్చు. బాధ్యత తెలిసిన ట్యూనర్ కింది ఆర్‌పీఎంలో టార్క్‌ను తొక్కిపట్టి, పైకి వెళ్లాక వదులుతాడు. అలాంటి బండి టెస్ట్‌డ్రైవ్‌లో అంత హుషారుగా అనిపించదు, అందుకే దానికి గిరాకీ తక్కువ.

పవర్‌కూ ఆయుష్షుకూ మధ్య ఈ బేరం హద్దులు ఫార్ములా వన్‌లో తేలిపోయాయి. 1977లో రెనో తొలి టర్బో కారును దింపినప్పుడు అది మాటిమాటికీ పొగలు కక్కి ఆగిపోయేది. 1983 నాటికి బీఎండబ్ల్యూ టర్బో ఇంజనుతో నెల్సన్ పికే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1986లో అదే ఒకటిన్నర లీటర్ల ఇంజను క్వాలిఫయింగ్‌లో 1300 హార్స్‌పవర్ దాటిందని అంచనా, కాకపోతే దాని ఆయుష్షు కొద్ది ల్యాపులే. 1987లో ఒత్తిడిని 4 బార్లకు, 1988లో 2.5 బార్లకు కట్టడి చేసి, 1989లో టర్బోలను పూర్తిగా నిషేధించారు.

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఇంజను గట్టితనం గురించి ఎవరు మాట్లాడినా చివరికి తేల్చేది ఘాట్ రోడ్డే. మొగిలి ఘాటో, భాకరాపేట ఘాటో, అన్నిటికీ మించి తిరుమల ఘాటో. మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఆలోచనతో రూపుదిద్దుకున్న తిరుమల మొదటి ఘాట్ 1944లో తెరుచుకుంది. 36 హెయిర్‌పిన్ మలుపులున్న ఆ దారిలో ఇప్పుడు బండ్లు దిగుతాయి. ఎక్కడానికి 1974లో రెండో ఘాట్ వచ్చింది. టర్బోకూ కొండకూ పుట్టుకనుంచే చుట్టరికం ఉంది. పైకి పోయేకొద్దీ గాలి పల్చబడుతుంది, ఆ లోటును టర్బో పూడ్చగలదేమో చూడటానికి ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ 1918లో అమెరికాలోని పైక్స్ పీక్ శిఖరానికి, 14 వేల అడుగుల ఎత్తుకు, విమానపు ఇంజనును తీసుకుపోయి పరీక్షించాడు. తిరుమల ఎత్తులో గాలి ఒత్తిడి సుమారు పదోవంతే తగ్గుతుంది. టర్బో కాస్త ఎక్కువ తిరిగి దాన్ని సర్దేస్తుంది.

ఎండలో ఎక్కుడు, నెమ్మది నడక, రేడియేటరుకు గాలి అందదు, బండి నిండా జనం. ఇంజనును చంపడానికి ఇంతకంటే మంచి చోటు లేదని, పవర్ పెంచిన కారు ఇక్కడే మెత్తబడుతుందని అందరి నమ్మకం. లెక్క వేస్తే మరో సంగతి బయటపడుతుంది. ఘాట్ ఎక్కడానికి టీటీడీ పెట్టిన కనీస సమయం 28 నిమిషాలు, దిగడానికి 40. ఎక్కుడు దారి పొడవు సుమారు 18 కిలోమీటర్లు, అంటే సగటున గంటకు 40 కిలోమీటర్లు కూడా ఉండదు. జనంతో కలిపి 2400 కిలోల బండిని 28 నిమిషాల్లో 700 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి కావలసింది దాదాపు 13 హార్స్‌పవర్. టైర్ల రాపిడికీ ఎదురుగాలికీ మరో ఆరు. మొత్తం ఇరవై లోపే. ఏసీ వేసి, ప్రతి మలుపులో మళ్లీ ఊపందుకున్నా సగటు ముప్పైకి మించదు. ఇన్నోవా క్రిస్టాకు ఉన్నది నూట యాభై.

ఘాట్‌లో టర్బో సగం నిద్రలో ఉంటుందన్నమాట. పెద్ద టర్బో అయితే పూర్తి నిద్రే, కళ్లు తెరిచేలోపు మలుపు వస్తుంది. అక్కడ ఇంజన్లను చంపేది నడిపే తీరు. గేరు దించకుండా నాలుగులోనే కాలు అదిమిపట్టి ఈడ్చడం, మట్టి పట్టిన రేడియేటరు, పని చేయని ఫ్యాను. బండి ఆగిన వెంటనే ఇంజను ఆపకుండా ఒకటి రెండు నిమిషాలు ఊరకే తిరగనివ్వాలన్న నియమం కూడా కొండమీద కంటే చెన్నై, బెంగళూరు హైవేల మీదే అవసరం. వేగం రెండింతలైతే గాలిని చీల్చడానికి ఎనిమిదింతల పవర్ కావాలి. గంటకు 160లో గంటసేపు పోయి డాబా ముందు టక్కున ఆపితే, ఎర్రగా కాలిన టర్బో లోపల ఆయిలు మసిగా గట్టిపడి, దాని దారులు పూడుకుపోతాయి.

కాబట్టి ఆ బోర్డు హామీ, రాసినవాడు అనుకోని కారణంతో, చాలామటుకు నిలబడుతుంది. పెంచిన పవర్‌ను వాడుకునే చోటు ఈ ఘాట్లలో లేదు. వాడని పవర్ ఇంజనును అరగదీయదు. పైగా లక్షలు పోసి టర్బో మార్చినవాడు ఆయిలు అయిదు వేల కిలోమీటర్లకే మారుస్తాడు, బూస్టు గేజీ మీదనుంచి కళ్లు తీయడు. కంపెనీనుంచి వచ్చింది వచ్చినట్టే ఉన్న ట్యాక్సీలో ఆయిలు తారులా మారేదాకా పట్టించుకునేవాళ్లు లేరు. బోరుకొచ్చి షెడ్డు చేరేవి ఎక్కువగా ఈ రెండో రకమే.

పవర్ పెంచడమే పాపమైతే కంపెనీలే మొదటి పాపులు. శ్రీసిటీలో 2016లో ఇసుజు కర్మాగారం మొదలైనప్పుడు వీ-క్రాస్ పికప్‌కు రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజను, 134 హార్స్‌పవర్. తర్వాత వచ్చిన 1.9 లీటర్ల ఇంజను ఇచ్చేది సుమారు 160. లీటరుకు 54 నుంచి 84 దాకా పెరిగిందన్నమాట. తేడా ఏమిటంటే అది పాతదానికి వేసిన అతుకు కాదు, ఆ ఒత్తిడికి తగ్గట్టు పుట్టిన వేరే ఇంజను. స్కోడా 2025 అక్టోబరులో భారత్‌కు తెచ్చిన వంద ఆక్టేవియా ఆర్‌ఎస్‌లు కూడా అంతే, ఆర్‌ఎస్ 230 నాటి పవర్ 265 దగ్గరికి చేరింది. అతుకు వేసేవాడికి పాత ఇంజనులో కంపెనీ ఎంత వెసులుబాటు వదిలిందో తెలియాలి. టయోటా 2జేజెడ్ వంటి ఇనుప బ్లాకు ఇంజన్లలో అది దండిగా ఉండేది. ఖర్చూ బరువూ తూచి చేసే నేటి మూడు సిలిండర్ల ఇంజన్లలో అది తక్కువ.

చట్టం మాత్రం ఈ లెక్కలేవీ వినదు. కంపెనీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, సుప్రీంకోర్టు 2019 జనవరిలో దాన్నే ఖాయం చేసింది. అదే ఏడాది చేర్చిన 182ఏ ప్రకారం ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. బీమా కంపెనీకి చెప్పని మార్పు క్లెయిమ్ దగ్గర అడ్డం తిరగవచ్చు. క్యాటలిటిక్ కన్వర్టరు లేని డౌన్‌పైపు బిగించిన పెట్రోలు కారైతే అంతదాకా పోనక్కర్లేదు, పొగ పరీక్షలోనే దొరికిపోతుంది.