కిటికీ వెలుగులో భూతకాలము

ఫ్రెంచి నేర్చుకొనువారిని మిక్కిలి అలయించునది భూతకాలము. జరిగి ముగిసిన పనికి పాసే కొంపొజే అనియు, అప్పటికి నెలకొనియున్న స్థితికి ఎంపార్ఫే అనియు రెండు రూపములు నిత్యవ్యవహారమున నుండగా, కథలకును చరిత్రలకును పరిమితమై సంభాషణలో దాదాపుగా వినబడని పాసే సాంప్ల్ మూడవది. వీనికంటె ముందు జరిగినదానిని చెప్పుటకు ప్లూ-క-పార్ఫే మరియొకటి. ప్రత్యయములను వల్లెవేయుట యేమంత శ్రమ కాదు. ఎంపార్ఫేలో ‘ఎత్ర్’ అను నొక్క క్రియ దక్క తక్కినవన్నియు ఒకే పద్ధతిని నడచును. ఏ వాక్యమున ఏ రూపమును నిలుపవలెనో ఎరుగుట మాత్రము శ్రమ.

ఆ వివేకము నాకు వ్యాకరణగ్రంథముల వలన కంటె, పద్మనాభములో మా యింటి ఉత్తరపు కిటికీ చెంత వేసిన బల్ల వలన ఎక్కువగా అలవడుచున్నది. ఆ బల్లపై ఒక ఇత్తడి చెంబును, ఒక ఏటికొప్పాక లక్కబొమ్మను, వేసవియైనచో రెండు జీడిమామిడిపండ్లను అమర్చి, కెమెరాను ట్రైపాడుపై బిగించి స్టిల్ లైఫ్ చిత్రములు తీయుట నా అభ్యాసము. చూచుటకు సులభముగా తోచు ఈ పని ఎంత ఓర్పు కోరునో చేసినవారే ఎరుగుదురు. అంకుడు కర్రను తిరుగుడుపై త్రిప్పుచు లక్క పట్టించిన బొమ్మ మెరుపులో కిటికీ యంతయు ఒక తెల్లని పట్టెగా నిలుచును; తోమిన చెంబు పొట్టలో ట్రైపాడు కాళ్లును, తీయువాని ముఖమును వంకరలై కనబడును. కెమెరా వెనుక నల్లగుడ్డ వ్రేలాడదీసినగాని ఆ ముఖము తొలగదు. చీకటివైపున తెల్లని థర్మోకోల్ పలకను నిలిపినగాని నీడలోని పసిమి బయటపడదు. ఐ.ఎస్.ఓ. నూరునకు తగ్గించి, లెన్సు రంధ్రమును పదునొకటికి మూసినచో, ఒక్కొక్క చిత్రమునకు అర సెకను వెలుగు కావలసివచ్చును. చేయి తగిలిన కదలిక సోకకుండుటకై టైమరును పెట్టి, ఊపిరి బిగబట్టి దూరముగా నిలువవలెను.

ఛాయాగ్రహణము పుట్టిన ఫ్రాన్సులో సయితము తొలినాటి చిత్రములలో నిశ్చలవస్తువులకు పెద్దపీట లభించుటకు కారణము ఈ వెలుగు లెక్కయే. డాగేర్ 1837లో తీసిన ప్రసిద్ధచిత్రమున ఉన్నవి కిటికీ చెంతనున్న ప్లాస్టరు బొమ్మలు. మరుసటి సంవత్సరము పారిస్ నగరమున బూల్వార్ ద్యు తాంప్ల్ అను వీధిని ఆయన పై అంతస్తునుండి చిత్రింపగా, ఫలకమునకు నిమిషముల తరబడి వెలుగు కావలసియుండుటచే, వచ్చుచు పోవుచున్న బండ్లును జనులును జాడలేకుండ మాయమైపోయిరి. జోళ్లు తుడిపించుకొనుచు ఒకచో నిలిచిన మనుష్యుడొక్కడు మిగిలెను. ఆ వీధిలో నాడు జరిగినదంతయు పోయి, ఉండినది దక్కెను. ఎంపార్ఫే యనగా నేమో ఇంత స్పష్టముగా బోధించిన పాఠమును నేను వేరొకచోట చూడలేదు.

అయినను నిడివినిబట్టి ఈ కాలములు నిర్ణయింపబడునని తలచుట పొరపాటు. పదునాలుగవ లూయీ 72 సంవత్సరములు రాజ్యమేలెనని వ్రాయు ఫ్రెంచి చరిత్రకారుడు అంత దీర్ఘమైన ఏలుబడిని పాసే సాంప్ల్‌లోనే పెట్టును, ఏలయన అతడు దానిని మొదలును తుదియు గల ఒక్క కార్యముగా వెలుపలినుండి చూచుచున్నాడు. కొండపై వాన క్షణకాలమే పడినను, ఆ వానలో నుండి మరియొక సంగతిని చెప్పదలచినవాడు ‘ఇల్ ప్లవే’ అని ఎంపార్ఫేనే వాడును.

విశాఖ ప్రాంతమునకు ఫ్రెంచివారు క్రొత్త కాదు. బొబ్బిలి యుద్ధము జరిగిన 1757లోనే ఫ్రెంచి సేనాని బుస్సీ విశాఖపట్టణమునందలి ఇంగ్లీషువారి కోఠీని లోగొనెను. యానాము 1954 వరకు వారి పాలనలోనుండెను. కావున వాక్యరచన నభ్యసించుటకు పారిస్ కాఫీ అంగళ్ల ముచ్చటలను వదలి, మా ఊరి చరిత్రనే తీసికొంటిని. 1794 జూలై 10వ తేదీని చిన విజయరామరాజు కుంఫిణీ సేనతో పోరాడి మడిసినది ఈ పద్మనాభముననే. కొండ నిలిచియుండెను, గోస్తనీనది పారుచుండెను, రాజు తనవారితో విడిసియుండెను: ఇవి ఎంపార్ఫేకు చెందును. సేన పైబడెను, రాజు నేలకొరిగెను: ఇవి పాసే సాంప్ల్‌కు చెందును. మొదటి మూడు వాక్యములను తీసివేసి చూడుడు; రాజు మరణము తేదీగా మిగులును గాని దానికి చోటుండదు.

అప్పటినుండి బల్ల ముందు నిలిచినప్పుడెల్ల, ఈ చిత్రమున ఉన్నదేది, జరిగినదేది యని నన్ను నేను ప్రశ్నించుకొందును. చెంబు ఉన్నది, బల్ల ఉన్నది, వెలుగు ఉన్నది. జీడిమామిడిపండు తొక్కపై కోయునప్పుడు తగిలిన దెబ్బ నల్లబడిన మచ్చయై కనబడుచున్నదే, అది జరిగినది. ఆ మచ్చ కెమెరావైపు తిరిగినచో చిత్రమంతయు దానిచుట్టు కథయగును. ఆవలికి త్రిప్పినచో పండు మరల స్థితిలో చేరును. రెండును తీయదగినవే. రెండు మచ్చలను, ఒక విరిగిన బొమ్మను, ఒలికిన నీటిని ఒకేచోట పేర్చినవాని చిత్రము మాత్రము, అన్ని క్రియలను పాసే కొంపొజేలో వ్రాసిన విద్యార్థి వ్యాసమువలె ఊపిరాడనీయదు.

తెలుగువారికి ఈ భేదము పరాయిది కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణమున భూత వర్తమాన భవిష్యత్తులతోపాటు తద్ధర్మమును నాలుగవదిగా చెప్పెను. వస్తువు స్వభావమును చెప్పు ఆ రూపమును గతమునకు మరల్చి మన అవ్వలు ‘ఉండెడిది, వచ్చెడివాడు’ అని కథలు చెప్పిరి. ఎంపార్ఫే పాఠమును ఆంగ్లవ్యాకరణపు వాకిటినుండి కాక ఈ వాకిటినుండి ప్రవేశపెట్టినచో మన పిల్లలకు సగము భయము తీరును.

ఇంటర్మీడియెటులో మార్కుల కొరకు ఫ్రెంచిని ఎంచుకొనువారు మన రాష్ట్రమున కలరు. వారికి బోధించు ఉపాధ్యాయులకు నాదొక విన్నపము: భూతకాలపు పట్టికను నల్లబల్లపై వ్రాయుటకు ముందు ఒక పూట తరగతి కిటికీ చెంత ఒక చెంబును, ఒక పండును పెట్టించి, ఫోనులోని కెమెరాతోనే చిత్రము తీయించి, అందున్నవానిని ఒక రూపములోను, జరిగినదానిని వేరొక రూపములోను వ్రాయింపుడు.