కంట్రీ పాట మెల్లగా చెవికెక్కే తీరు

"అన్నీ వింటాను, కంట్రీ తప్ప." అమెరికాలో సంగీతం గురించి మాట్లాడుకునే చోట ఈ మాట బాగా అరిగిపోయింది. పైకి ఇది సంగీతం మీద తీర్పులా ఉంటుంది గానీ నిజానికి మనుషుల మీద తీర్పు. పికప్ ట్రక్కు, బీరు, జెండా, తెల్లవాళ్ళ పల్లెటూరు: పాట మొదలవకముందే ఈ బొమ్మ కళ్ళ ముందుకొచ్చేస్తుంది. హైదరాబాద్ మెట్రోలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నా, డాలస్‌లో ఆఫీసుకి డ్రైవ్ చేస్తున్నా మనకీ అదే బొమ్మ. అందుకే ఈ సంగీతానికి ఎవరూ ఒక్క రోజులో అభిమాని కారు. చెవి కంటే ముందు బొమ్మ మారాలి.

నేనూ చాలామందిలాగే జానీ క్యాష్ వైపు నుంచే వచ్చాను. చనిపోవడానికి ఏడాది ముందు, 2002లో, నైన్ ఇంచ్ నెయిల్స్ పాట 'హర్ట్'ని ఆయన మళ్ళీ పాడాడు. అది పుట్టుకతో కంట్రీ కాదు కాబట్టే సులువుగా ఎక్కుతుంది. అక్కణ్ణుంచి వెనక్కి వెళ్తే 1968 జనవరిలో ఫోల్సమ్ జైల్లో ఖైదీల ముందు రికార్డు చేసిన ఆల్బమ్ దొరుకుతుంది. అందులో, ఒక హత్య ప్రస్తావన రాగానే ఖైదీలు కేకలేస్తారు, వినేవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. ఆ కేకలు తర్వాత స్టూడియోలో అతికించినవి! ఈ సంగతి తెలిసినా నాకు ఆల్బమ్ మీద ఇష్టం తగ్గలేదు. కంట్రీలో 'సహజత్వం' కూడా పనితనమే అని తెలిశాక ఇంకా శ్రద్ధగా విన్నాను.

మన జానపదంతో పోలిక కుదరనిది కూడా ఇక్కడే. 1927లో రాల్ఫ్ పీర్ అనే రికార్డింగ్ కంపెనీ మనిషి టెనెస్సీలోని బ్రిస్టల్‌కి వచ్చి కార్టర్ ఫ్యామిలీనీ, జిమ్మీ రోజర్స్‌నీ రికార్డు చేశాడు. అంటే మొదట్నుంచీ ఇది అమ్మకానికి పెట్టిన సంగీతమే. తెల్లవాళ్ళవి 'హిల్‌బిల్లీ' రికార్డులు, నల్లవాళ్ళవి 'రేస్' రికార్డులు అని కంపెనీలు వేరుచేసి అమ్మాయి. పాటలు మాత్రం అలా వేరువేరుగా పుట్టలేదు. బాంజో మూలం ఆఫ్రికా. ఎ.పి. కార్టర్ ఊరూరా తిరిగి పాటలు సేకరిస్తుంటే, వెంట ఉండి బాణీలు గుర్తుపెట్టుకున్నది లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు. రికార్డుల మీద పేరు కార్టర్‌ది.

ఆడవాళ్ళ పాటలు విన్నాక ఆ పాత బొమ్మ ఇంకా చెదిరింది. 1952లో కిటీ వెల్స్ పాడింది ఒక జవాబు పాట. దారితప్పిన ఆడదాన్ని తిట్టిన మగవాడి హిట్ పాటకి, అసలు తప్పెవరిదని ఎదురు ప్రశ్న. కెంటకీ బొగ్గుగని కార్మికుడి కూతురు లొరెట్టా లిన్‌కి పదిహేనేళ్ళకే పెళ్ళయింది, ఇరవై నిండేలోపే పిల్లలు. ఆవిడ గర్భనిరోధక మాత్రని మెచ్చుకుంటూ పాడిన 'ద పిల్' 1975లో విడుదలైతే చాలా రేడియో స్టేషన్లు వెయ్యం పొమ్మన్నాయి. ఎక్కడా ఉపన్యాసం లేదు, ఇంట్లో మొగుడితో మాట్లాడినట్టే ఉంటుంది. ఆ మాటతీరే దాని బలం.

అన్నిటికంటే ఆలస్యంగా ఎక్కింది జార్జ్ జోన్స్. 1980 నాటి 'హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే'లో ఒకడు చచ్చేదాకా ప్రేమిస్తానన్నాడు, అలాగే ప్రేమించి చచ్చిపోయాడు. ఇంతే కథ. ఇంత శోకం ఎవరు కొంటారని జోన్సే సందేహించాడట. నవ్వకుండా వినడానికి మన వెటకారాన్ని కాసేపు పక్కన పెట్టాలి. నిజానికి మనకది కష్టం కాకూడదు. హ్యాంక్ విలియమ్స్ 29 ఏళ్ళకే కారు వెనక సీట్లో కన్నుమూసిన 1953లోనే మనకి 'దేవదాసు' వచ్చింది. తాగుడూ ఏడుపూ కలిసిన ఘంటసాల గొంతుని ప్రేమించినవాళ్ళం, స్టీల్ గిటార్ ఏడిస్తే మొహం తిప్పుకోవడమేంటి?

అయినా ఒక ముల్లు మిగిలే ఉంటుంది. 2019లో లిల్ నాస్ ఎక్స్ అనే నల్లజాతి కుర్రాడి 'ఓల్డ్ టౌన్ రోడ్'ని బిల్‌బోర్డ్ కంట్రీ చార్టు నుంచి తీసేసింది. అదే పాట ప్రధాన చార్టులో 19 వారాలు మొదటి స్థానంలో కూచుంది. 2024లో బియాన్సే 'కౌబాయ్ కార్టర్' తెస్తే, ఆ ఏడాది కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ అవార్డుల్లో ఒక్క నామినేషన్ కూడా రాలేదు. గేటు దగ్గర కాపలా ఇంకా ఉంది. మనలాంటి రంగు శ్రోతకి ఆ గేటు కనబడకుండా ఉండదు.

మరి అభిమాని అనిపించుకోవడం ఎలా? కాపలావాళ్ళు చెప్పే కంట్రీని మాత్రమే కంట్రీ అని ఒప్పుకోకపోవడం నాకు తోచిన దారి. లెస్లీ రిడిల్‌ని గుర్తుపెట్టుకునే కార్టర్ ఫ్యామిలీని వినొచ్చు. అలా వింటే పాట చిన్నబోదు, దాని వెనక ఇంకో మనిషి కూడా వినిపిస్తాడు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు క్యాష్ దగ్గర మొదలెట్టండి, లొరెట్టా లిన్ దాకా రండి. జోన్స్‌కి తొందర లేదు, టైమొచ్చినప్పుడు ఆయనే ఎక్కుతాడు.