ఎమ్మెల్యేలో ఏ సంధి?

ఎమ్మెల్యే అన్న మాటలో సంధి ఏమిటని ఏ పరీక్షలోనూ అడగరు. అడగాలి. మూడు ఇంగ్లీషు అక్షరాల్ని మన జనం ఇంత చక్కగా నమిలి ఒక్క మాట చేశారు. చిన్నయసూరి వినుంటే ఇంకో సూత్రం రాసేవాడు.

పత్రికలో కాపీ దిద్దేవాడికి పొట్టిపేర్లతోనే తెల్లారుతుంది. ‘ఎం.ఎల్.ఎ.’ అని చుక్కలు పెట్టే విలేకరి ఒకరు, ‘ఎంఎల్ఏ’ అనేవారు ఇంకొకరు. అన్నిటినీ ఎమ్మెల్యే చేయడం నా పని. దిద్దగా దిద్దగా ఒక సంగతి పట్టుబడింది. ఎమ్, ఎన్, ఎల్, ఎస్‌లలో ఉన్నది హ్రస్వం. వాటి తర్వాత అచ్చు వస్తే హల్లు రెట్టిస్తుంది: ఎన్నారై, ఎల్లైసీ, ఎస్సై. ఆర్‌ది దీర్ఘం కాబట్టి దానికా బాధ లేదు. అందుకే ఊళ్లో సూది వేసే ఆయన ఆరెంపీ డాక్టరే తప్ప ఆర్రెంపీ కాడు.

ఈ లెక్కన ఎమ్మెల్లే, ఎమ్మారో అనాలి. అనలేదు. మాట మొదట్లో ఎ, ఏ పలికితే మన నోట ముందుగా ఒక య దూరుతుంది. ఒ, ఓ పలికితే వ. పాతవాళ్లు యెక్కడ, వొకడు అని రాసింది ఊరికే కాదు. పాత సినిమా టైటిళ్లలో ‘యన్.టి. రామారావు’, ‘యస్.వి. రంగారావు’ అని చూసి నవ్వుకునే కుర్రాళ్లున్నారు. పలికింది పలికినట్టు రాశారంతే. ఆ య ఎమ్మెల్యేలో ఉంది, ఆ వ ఎమ్మార్వోలో ఉంది. (మరి ఎంఏ ‘ఎమ్మే’ ఎందుకైందని నన్నడక్కండి. బీఏ మాత్రం బుద్ధిగా యడాగమం తెచ్చుకుని బీయే అయింది.)

1985లో మండలాలతో పాటు వచ్చిన ఎమ్మార్వోని ప్రభుత్వం తర్వాత తహసీల్దారు చేసింది. జనం చేయలేదు. కోనసీమలో ‘ఎమ్మార్వో గారండీ’ అంటారు, కరీంనగర్‌లో ‘ఎమ్మార్వో సారు’ అంటారు, అనంతపురంలో ‘ఎమ్మార్వో తావ’కు పోయొస్తారు. చుట్టూ యాస మారుతుంది, నడుమ ఆ ముక్క మారదు. తేడా వచ్చేది హెచ్ దగ్గర, జెడ్ దగ్గర. ఒక బడిలో హెచ్చెమ్, ఇంకో బడిలో ఎచ్చెమ్. ఒకరికి జెడ్పీ హైస్కూలు, ఇంకొకరికి జడ్పీ హైస్కూలు.

తెలుగులో కుదించిన పేర్లకు ఇంత అదృష్టం లేదు. తెదేపా, భాజపా, తితిదే అని కొన్ని పత్రికలు ఏళ్ల తరబడి రాస్తున్నాయి. ‘తితిదే లడ్డూ తెచ్చాను’ అన్న భక్తుణ్ణి నేనింతవరకు వినలేదు. శీర్షికలో చోటు కలిసొస్తుంది, అంతవరకే. టీడీపీ అని పలికే పాఠకుడు తెదేపాని కళ్లతోనే దాటేస్తాడు. నోటికెక్కినవి సాహిత్యం వాళ్లవి: 1943లో తెనాలిలో తొలి మహాసభ జరుపుకున్న అభ్యుదయ రచయితల సంఘం అరసం అయింది, 1970లో పుట్టిన విప్లవ రచయితల సంఘం విరసం అయింది. రెండు పేర్లూ రసం లేదనే చెబుతున్నా సభ్యులెవరూ అభ్యంతరం చెప్పినట్టు లేదు. తెరాస కూడా కొంత నోట నలిగింది గానీ 2022లో ఆ పార్టీ పేరే మారిపోయింది.

డెస్కులో కొత్తగా చేరే పిల్లలకు నా మాట ఒకటే. చుక్కలు తీసేయండి, ఎల్లైసీని ఎల్లైసీ అనే రాయండి. శైలి పుస్తకం ఒప్పుకోకపోతే పుస్తకాన్నే దిద్దండి. హెచ్ తగవు మాత్రం నేనింకా తేల్చలేదు. మీ ఊరి బడిలో ఉన్నది హెచ్చెమ్మో ఎచ్చెమ్మో ఒక కార్డు ముక్క రాసి పడేయండి.