‘గిఫ్ట్’ శబ్దము : ఈవి, వివాహము, విషము

ఆంగ్లమున కానుకను బోధించు ‘గిఫ్ట్’ శబ్దమే జర్మను భాషలో విషమునకు పేరు. స్వీడిష్, డేనిష్ భాషలలో అది విషమునకే కాక, విశేషణమై వివాహితులకును చెల్లుచున్నది. పరిహాసమున కిది మంచి యవకాశమే గాని, అర్థపరిణామమును విచారించువారి కిందొక చిక్కు గలదు.

వ్యుత్పత్తి విషయమున వివాదము లేదు. ‘ఇచ్చు’ అను నర్థము గల జర్మానిక ధాతువుపై భావార్థక ప్రత్యయము చేరగా నేర్పడిన పదమిది. మన ‘ఈవి’ వంటిది. గాథిక బైబిలులో ‘ఫ్రగిఫ్ట్స్’ అనగా వివాహనిశ్చయము. ప్రాచీనాంగ్లమున నీ పదమునకు కన్యాశుల్కమనియు, బహువచనమున వివాహమనియు నర్థము. కన్యాదానము నెరిగిన మనకీ మార్గము సుగమమే. నేటి ఆంగ్లరూపము నందలి గకారము స్కాండినేవియా భాషల వలన వచ్చినది. దేశీయోచ్చారణమే నిలిచియున్నచో ‘యిఫ్ట్’ అని పలుకవలసియుండెడిది.

చిక్కంతయు విషార్థమునందే యున్నది. ఫ్రెంచి సమాజశాస్త్రజ్ఞుడు మార్సెల్ మోస్ 1924లో దీనిపై నొక చిన్న వ్యాసము వ్రాసెను. ప్రాచీన జర్మానిక జాతులలో దానము ప్రతిగ్రహీతను బంధించునది. పానీయమును ప్రధానమైన కానుకగా నిచ్చెడివారు. అందు విషముండునేమో యను శంక యెన్నడును తీరదు. కావున రెండర్థములు నొకే పదమున నిమిడినవని యాతని వాదము. ప్రతిగ్రహదోషమును గూర్చి వినియున్న మన కిది మిక్కిలి హృద్యముగా తోచును. అందుచేతనే మఱింత జాగరూకత వలయును.

నిరుక్తకారులు చెప్పు మార్గము వేఱు. గ్రీకు వైద్యులు ఔషధపు మోతాదును ‘దోసిస్’ అనిరి. అదియు ‘ఇచ్చుట’యే, మన ‘దాన’ శబ్దమునకు జ్ఞాతి. లాటిను ద్వారా వచ్చిన యా మాట కనువాదముగా ‘గిఫ్ట్’ ప్రయుక్తమై, మోతాదు నుండి విషమునకు మారినది. నిత్యవ్యవహారమునందలి వస్తువునకు జనులు పండితపదమును గ్రహింతురా యని మోస్ ఆక్షేపణ. ‘పురుగుమందు త్రాగినాడు’ అనువారి నెవ్వరిని అడిగినను సమాధానము దొరకును. ఘోరవస్తువును వైద్యుని మాటతో మృదువుగా చెప్పుట పండితులకే పరిమితము కాదు. జర్మనులకు విషవాచకముగా ‘ఐతర్’ అను దేశీయపదము పూర్వమే యుండెను. అది నేడు ‘ఐటర్’ అను రూపమున చీమునకు మాత్రమే మిగిలినది.

మఱియు, దానాచారమే కారణమైనచో ప్రాచీనాంగ్లమునను గాథికమునను గూడ విషార్థము పొడకట్టవలదా? అచ్చట దాని జాడయే లేదు. స్కాండినేవియా భాషల కా యర్థము ఉత్తరజర్మను మాండలికముల నుండి చేరినది. ఇంతకంటె బలమైన సాక్ష్యము ‘గెషెంక్’ అను పదము. నేడు జర్మనులు కానుక కిచ్చిన పేరిది. దీనికి మూలమైన ‘షెంకెన్’ క్రియకు తొలియర్థము పానీయమును పోసి యిచ్చుట. పానపాత్రను గూర్చిన శంక విషార్థమునకు దారి తీసినచో, ఆ కళంకము మొదట సోకవలసినది ‘గెషెంక్’కు. దాని కట్టి మచ్చ యేమియు లేదు.

మోస్ అడిగిన మఱియొక ప్రశ్న మాత్రము త్రోసివేయరానిది: జర్మనున కానుక యను నర్థమేల నశించినది? నిషేధభావమే కారణమని యాతడనెను. ఇది సమంజసమే, కాని యా నిషేధము విషార్థము ప్రబలిన పిమ్మట వచ్చిన ఫలము, దానికి హేతువు కాదు. డచ్చివారు రెండింటిని ధ్వనిభేదముతో వేఱుచేసికొనిరి. కానుక ‘గిఫ్ట్’గనే నిలువగా, విషమునకు తుది టకారము లోపించిన ‘గిఫ్’ ప్రచురమైనది. జర్మనున ప్రాతయర్థము ‘మిట్‌గిఫ్ట్’ అను స్త్రీలింగ సమాసమున దాగియున్నది. దాని యర్థము వరకట్నము.