బలహీనత – అతిశయం: బైబిలు కథనాలలో దైవబలాశ్రయ భావన

'అతిశయం' అనే పదం తెలుగు సాహిత్య విద్యార్థికి అలంకారశాస్త్రం ద్వారా పరిచితం. లోకసీమను మించి చెప్పడం అతిశయోక్తిలో దోషం కాదు, శోభ. తెలుగు బైబిలులో ఇదే పదం వేరొక అర్థంలో స్థిరపడింది. పౌలు లేఖలలోని 'కౌఖేసిస్' అనే గ్రీకు మాటకు అనువాదకులు అతిశయాన్నే వాడారు. తన గొప్పను తాను చెప్పుకోవడం, ఒకదాన్ని ఆధారం చేసుకొని తల ఎత్తుకోవడం అని అక్కడ దాని భావం. మనిషి దేన్ని చూసుకొని అతిశయించాలి అన్న ప్రశ్న బైబిలులో పదేపదే వినిపిస్తుంది. జ్ఞాని జ్ఞానాన్ని, శూరుడు శౌర్యాన్ని, ధనికుడు ధనాన్ని చూసుకొని అతిశయించరాదని యిర్మీయా ప్రవక్త గ్రంథం తొమ్మిదవ అధ్యాయం వారిస్తుంది. కొరింథీయులకు రాసిన లేఖలలో పౌలు ఈ వాక్యాన్నే ఆధారం చేసుకొంటాడు.

స్వశక్తిని కాక దైవశక్తిని ఆశ్రయించాలన్న క్రైస్తవ భావనను సాధారణంగా ప్రయత్న పరిత్యాగంగా అర్థం చేసుకోవడం కనిపిస్తుంది. దీన్ని మెచ్చుకొనేవారూ, నిరసించేవారూ ఈ ఒక్క విషయంలో ఏకీభవిస్తారు. ఒకరికి అది పరమ విశ్వాసం, మరొకరికి నిష్క్రియత. మూలకథనాలను కథనాలుగా చదివినప్పుడు ఈ ఉమ్మడి అవగాహన నిలవదు. ఆ కథలలో మనిషి విడిచిపెట్టేది పనిని కాదు, పని మీద హక్కును. అంతకన్నా ముఖ్యంగా, ఆ మాట ఎవరితో చెప్పబడుతోంది అన్నదాన్ని బట్టి దాని అర్థమే మారిపోతుంది. ఈ రెండు అంశాలను గిద్యోను, దావీదు, పౌలు కథనాల ఆధారంగా నిరూపించి, పోతన గజేంద్రమోక్షణంతోనూ జాషువ 'గబ్బిలం'తోనూ పోల్చి పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

లెక్కలు చెప్పే కథ

న్యాయాధిపతుల గ్రంథం ఏడవ అధ్యాయంలో కథను నడిపేది సంఖ్య. మిద్యానీయుల మీదికి గిద్యోను వెంట వచ్చినవారు 32,000 మంది. భయపడేవారు వెళ్లిపోవచ్చునన్న ప్రకటనతో 22,000 మంది వెనుదిరిగారు. మిగిలిన 10,000 మందిని నీటి దగ్గర పరీక్షించగా నిలిచినవారు 300. యుద్ధకథలలో సేన పెరగడం సహజం. ఇక్కడ కథకుడు సేనను తగ్గిస్తూ ఉత్కంఠను పెంచుతాడు. తగ్గించడానికి కారణాన్ని కూడా దాచడు. తమ చేతి బలమే తమను రక్షించిందని ఇశ్రాయేలీయులు అతిశయిస్తారేమోనన్నదే ఆ కారణం. సమస్య ఓటమిని గురించినది కాదు, గెలుపు తరువాత పుట్టబోయే మాటను గురించినది.

మిగిలిన 300 మంది చేతులు ముడుచుకొని కూర్చోలేదు. గిద్యోను వారిని మూడు గుంపులుగా విభజించాడు. బూరలు, వట్టి కుండలు, కుండలలో దివిటీలు ఇచ్చాడు. నడిజాము మొదట్లో, కావలివారు మారిన వేళ చూసి శిబిరాన్ని చుట్టుముట్టాడు. ఇది చక్కని యుద్ధతంత్రం. దైవబలాన్ని చాటడానికి రాసిన కథ మానవ యుక్తిని దాచిపెట్టవలసిన అవసరాన్ని గుర్తించలేదు. పైగా ఆనాటి రణనినాదంలో యెహోవా పేరుతో పాటు గిద్యోను పేరు కూడా ఉంది. మనిషి పేరును తుడిచివేయాలన్నది ఆ కథ ఉద్దేశం కాదని ఈ ఒక్క వివరమే చెబుతుంది.

అయితే అదే వివరంలో రానున్న పతనపు బీజం కూడా ఉంది. ఎనిమిదవ అధ్యాయంలో ప్రజలు గిద్యోనును ఏలుమని కోరగా, ఏలవలసినవాడు దేవుడేనని అతడు నిరాకరించాడు. వెంటనే దోపుడుసొమ్ములోని చెవిపోగులను అడిగి పుచ్చుకొని, ఆ బంగారంతో ఏఫోదు చేయించి తన ఊరిలో ఉంచాడు. అది అతనికీ అతని ఇంటివారికీ ఉరి అయిందని కథకుడే తీర్పు చెబుతాడు. మాటలో వద్దన్న అతిశయం లోహరూపంలో తిరిగి వచ్చింది. యుద్ధానికి ముందు సేనను తగ్గించడం కన్నా, యుద్ధం ముగిశాక గెలుపును తనది కాదనుకోవడం కష్టమని ఈ కథ చెప్పకనే చెబుతుంది.

వదిలిన కవచం, వదలని వడిసెల

సమూయేలు మొదటి గ్రంథం పదిహేడవ అధ్యాయంలో వర్ణన ఈ పని చేస్తుంది. గొల్యాతు శిరస్త్రాణం, కవచం, కాళ్ల కవచాలు, బల్లెం వరుసగా వర్ణితమౌతాయి. కవచం బరువు 5,000 షెకెళ్లని, బల్లెపు మొన బరువు 600 షెకెళ్లని తూకం సహితంగా కథకుడు చెబుతాడు. ఇంత నిదానంగా వర్ణించిన ఆయుధ సంపత్తికి ఎదురుగా దావీదు సంచిలో పడ్డవి ఏటిలో ఏరిన ఐదు నున్నని రాళ్లు. వర్ణనలోని ఈ అసమానతే కావ్యార్థాన్ని మోస్తుంది.

సౌలు తన యుద్ధవస్త్రాలను దావీదుకు తొడిగించిన ఘట్టం ఈ చర్చకు కీలకం. దావీదు వాటిని వేసుకొని నడవ ప్రయత్నించి, అవి తనకు అలవాటు లేనివని తీసివేశాడు. అతడు వదిలినది తనది కాని బలాన్ని. వడిసెలను వదలలేదు. సింహాన్నీ ఎలుగుబంటినీ ఎదిరించిన కాపరి అనుభవాన్ని అంతకు ముందే సౌలుకు వినిపించాడు. ఆ అనుభవాన్ని చెప్పేటప్పుడు కూడా తనను విడిపించినది యెహోవాయేనన్నాడు. నైపుణ్యం అతనిదే, దాని యాజమాన్యం మాత్రం అతనిది కాదు. దైవబలాశ్రయాన్ని నైపుణ్యరాహిత్యంగా చదవడం ఈ ఘట్టానికి విరుద్ధం.

దావీదు కథ చివర మళ్లీ సంఖ్య వస్తుంది. సమూయేలు రెండవ గ్రంథం చివరి అధ్యాయంలో వృద్ధుడైన రాజు తన యోధులను లెక్కింపజేశాడు. సేనాపతి యోవాబు వారించినా వినలేదు. ఇశ్రాయేలులో 8,00,000 మంది, యూదాలో 5,00,000 మంది కత్తి దూయగలవారని లెక్క తేలింది. లెక్క చేతికి అందిన తరువాత రాజు గుండె అతన్ని నిందించింది. ఐదు రాళ్లతో మొదలైన జీవితం పదమూడు లక్షల లెక్కతో ముగింపుకు చేరడం యాదృచ్ఛిక రచన అనిపించదు. గిద్యోను కథలో లెక్క తగ్గితే విడుదల వచ్చింది. ఇక్కడ లెక్క చూసుకొంటే తెగులు వచ్చింది. జనగణన స్వతహాగా పాపమేమీ కాదు. సంఖ్యాకాండంలో దేవుడే లెక్కించుమన్నాడు. కనుక దోషం లెక్కలో కాదు, ఆ లెక్కను చూసుకొని నిలబడాలనుకోవడంలో ఉన్నదని రెండు కథలనూ కలిపి చదివినప్పుడు స్పష్టమౌతుంది.

తొలగని ముల్లు

పౌలు కొరింథీయులకు రాసిన రెండవ లేఖ క్రీస్తుశకం మొదటి శతాబ్ది మధ్యభాగానికి చెందినది. అతని ప్రత్యర్థులు కొరింథు సంఘంలో తమ వంశాన్నీ వాగ్ధాటినీ దర్శనాలనూ యోగ్యతాపత్రాలుగా చూపుకొన్నారు. పౌలు వారితో పోటీకి దిగి, అవివేకిలాగా మాట్లాడుతున్నానని ముందే చెప్పి, తన ఘనతల జాబితాను మొదలుపెడతాడు. ఆ జాబితాలో ఉన్నవి దెబ్బలు, చెరసాలలు, ఓడ పగలడాలు, ఆకలి, చలి. దాని చివర దమస్కు ఘట్టం ఉంది. అరెత రాజు అధికారి పట్టణానికి కాపలా పెట్టగా పౌలును గంపలో కూర్చోబెట్టి గోడ కిటికీ గుండా కిందికి దించారు. శత్రువు కోటగోడను మొట్టమొదట ఎక్కిన సైనికునికి రోమనులు కిరీటమిచ్చి సత్కరించేవారు. ఆ సంప్రదాయానికి ఇది వ్యంగ్యమైన ఎదురుచిత్రమని కొందరు వ్యాఖ్యాతల అభిప్రాయం. గోడ ఎక్కినవాడి గొప్ప స్థానంలో గోడ దిగినవాడి కథ నిలిచింది. అతిశయోక్తిని తలకిందులు చేసిన ఈ రచనాపద్ధతిని వ్యాజస్తుతిగా భావించవచ్చు. స్తుతి రూపంలో నింద కాక, నింద రూపంలోనే స్తుతి ఇక్కడ పలికింది.

పన్నెండవ అధ్యాయంలోని ముల్లు ప్రస్తావన ఈ నేపథ్యంలో వస్తుంది. శరీరంలోని ముల్లు తొలగాలని పౌలు ముమ్మారు వేడుకొన్నాడు. ముల్లు పోలేదు. కృప చాలునన్న జవాబు మాత్రం వచ్చింది. ఆ ముల్లు ఏ వ్యాధి అన్న చర్చ శతాబ్దాలుగా సాగింది. పౌలు దానికి పేరు పెట్టకపోవడం వల్లనే అది ప్రతి పాఠకునికీ తన ముల్లు కాగలిగింది. అదే చోట, క్రీస్తు శక్తి తన మీద నిలవడాన్ని చెప్పడానికి పౌలు వాడిన గ్రీకు క్రియలో గుడారం అనే ధాతువు ఉంది. శక్తి వచ్చి బలహీనత మీద గుడారం వేసుకొంటుందన్నది ఆ చిత్రం. తెలుగు అనువాదంలో 'నిలిచియుండు' అన్న క్రియ భావాన్ని అందించింది కాని, అరణ్యయాత్రలో దేవుని సన్నిధికి నిలయమైన గుడారపు జ్ఞాపకం అందులో జారిపోయింది. గుడారం గుర్తుకు వస్తే బలహీనత కేవలం లోపం కాదని, ఒక నివాసస్థలమని తెలుస్తుంది.

గజేంద్రుడు, పౌలు

తెలుగు పాఠకునికి ఈ భావన వినగానే స్ఫురించేది పోతన భాగవతం అష్టమస్కంధంలోని గజేంద్రమోక్షణం. స్వశక్తి నశించినవాని మొర అన్న సామ్యం నిజమైనదే. అయితే సామ్యం దగ్గర ఆగితే రెండు రచనలకూ అన్యాయం జరుగుతుంది. గజేంద్రుడు వేయి సంవత్సరాలు పోరాడి, బలమంతా ఉడిగిన తరువాత శరణు కోరాడు. అక్కడ బలహీనత పోరాట ఫలితం. గిద్యోను కథలో బలహీనత పోరాటానికి ముందే విధించిన షరతు. గజేంద్రుని విషయంలో మొసలి సంహారం జరిగింది, శాపాలు తీరాయి, మోక్షం లభించింది. పౌలు విషయంలో ముల్లు నిలిచే ఉంది. ఒకచోట శరణాగతి బాధకు ముగింపు పలికితే, మరొకచోట బాధతో సహజీవనానికి అర్థం కల్పించింది.

శ్రీవైష్ణవంలోని మర్కటకిశోర, మార్జాలకిశోర న్యాయాలు కూడా పోలికకు ఉపకరిస్తాయి. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకొంటుంది, పిల్లికూనను తల్లే నోట కరచుకొని పోతుంది. పైన చూసిన బైబిలు కథలు ఈ రెండింటిలో దేనిలోనూ పూర్తిగా ఇమడవు. బూర ఊదవలసినవాడు గిద్యోనే, రాయి విసరవలసినవాడు దావీదే. పట్టు విషయంలో అవి కోతిపిల్లను పోలి ఉంటాయి. పట్టు నాదన్న మాట విషయంలో పిల్లికూనను పోలి ఉంటాయి.

ఎవరితో చెప్పిన మాట?

ఇంతవరకు చూసిన ముగ్గురికీ వదులుకోవడానికి ఏదో ఒక బలం ఉంది. గిద్యోనుకు సేన, దావీదుకు రాజు ఇచ్చిన కవచం, పౌలుకు విద్య, వంశం, దర్శనాలు ఉన్నాయి. బలాన్ని చూసుకొని అతిశయించవద్దన్న హెచ్చరిక అతిశయించగలవారికే వర్తిస్తుంది. దాన్ని అసలే బలం దక్కనివ్వని వారికి బోధిస్తే అర్థం తలకిందులౌతుంది. అప్పుడు అది బలవంతునికి భద్రత, బలహీనునికి బంధనం అవుతుంది. ఈ తేడాను సూచించడానికి అంగీకృత బలహీనత, ఆరోపిత బలహీనత అనే విభజన అవసరం. మొదటిది తన బలానికి హద్దు తానే గుర్తించడం. రెండవది ఇతరుల బలాన్ని సంఘం గుర్తించ నిరాకరించడం.

తెలుగునాట క్రైస్తవ చరిత్రకు ఈ విభజన ప్రాణప్రదం. 1876–78 కరవుకాలంలో ఒంగోలు ప్రాంతపు మిషనరీ జాన్ ఇ. క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి కల్పించాడు. కరవు సాయం కోసం మతం మారారన్న మాట రాకుండా ఆ కాలమంతా బాప్తిస్మాలు నిలిపివేశాడు. ఆ తరువాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అధికసంఖ్యాకులు మాదిగలు. ఆ ప్రాంతంలో కాలువ తవ్విన చేతులకు బలం లేదనడం సాధ్యం కాదు. లేనిది ఆ బలానికి గౌరవం.

గుర్రం జాషువ 1941లో వెలువరించిన 'గబ్బిలం' ఈ సత్యానికే కావ్యరూపం. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన కవి ఇందులో శివునికి సందేశం పంపించాడు. ఆలయంలోకి గబ్బిలానికి ఉన్న ప్రవేశం అస్పృశ్యునికి లేదన్న నిజం మీద కావ్యమంతా నిలిచింది. కథానాయకుని శ్రమ లేనిదే నేల పండదని కవి స్పష్టం చేస్తాడు. కనుక అతడు దైవాన్ని ఆశ్రయించింది అశక్తుడై కాదు. గజేంద్రుని మొరలో తన బలం పోయిందన్న ఒప్పుకోలు ఉంది. గబ్బిలం మొరలో తన బలాన్ని దోచుకొన్నారన్న ఫిర్యాదు ఉంది. దైవబలాశ్రయానికి ఇది మరొక రూపం. దైవం ఇక్కడ బలదాత కన్నా న్యాయమూర్తిగా ఆవాహితుడయ్యాడు.

ఇది బైబిలు భావనకు ఎదురు నిలిచేదేమీ కాదు. బలవంతులను సిగ్గుపరచడానికే దేవుడు బలహీనులను ఏర్పరచుకొన్నాడని పౌలు మొదటి లేఖలో వాదించాడు. లూకా సువార్తలోని మరియ గీతంలో సింహాసనాల మీదివారు కిందికి దిగుతారు, దీనులు పైకి లేస్తారు. ఆ గ్రంథాలలో దైవశక్తి బలహీనుని ఉన్నచోటనే ఉంచే శక్తి కాదు.

ముగింపు

గిద్యోను ఏఫోదు, దావీదు జనగణన, పౌలు గంప అనే మూడు వస్తువులను పక్కపక్కన ఉంచి చూస్తే దైవబలాశ్రయ భావన స్వరూపం తేటపడుతుంది. మొదటి రెండూ గెలిచినవాడు తన గెలుపును దాచుకొన్న చోట్లు. మూడవది ఓడినట్లు కనిపించినవాడు తన ఓటమిని దాచని చోటు. స్వశక్తి నిరాకరణ అంటే పని మానడం కాదని, పని ఫలం మీద అతిశయాన్ని మానడమని ఈ కథనాలు నిరూపిస్తాయి. అయితే ఆ నిరాకరణను తన విషయంలో తాను పలికినప్పుడే అది భక్తి. ఎదుటివాని బలం విషయంలో పలికితే అది అపహరణ. తెలుగు క్రైస్తవ కీర్తనలను, ప్రసంగ సాహిత్యాన్ని అధ్యయనం చేసే పరిశోధకులు ప్రతి రచనలోనూ 'నాకు బలం లేదు' అన్న భావాన్ని గుర్తించడంతో ఆగక, ఆ మాటను ఎవరు, ఎవరి ముందు, ఏ బలాన్ని గురించి పలుకుతున్నారో నిర్ణయించవలసి ఉంటుంది. ఆ నిర్ణయం మీదనే ఆ రచన విలువ ఆధారపడుతుంది.