మన పిల్లల కబురు మన భాషలో

తెలుగులో పిల్లల పెంపకం మీద పుస్తకాలకు కొదవ లేదు. ఏం తినిపించాలి, ఎప్పుడు బడిలో వేయాలి, మొండికేస్తే ఏం చేయాలి అని పెద్దవాళ్లు తమకు తోచింది చెప్పినవే వాటిలో ఎక్కువ. పసిబిడ్డ ఎదుట ఓపిగ్గా కూర్చుని, ఆ బిడ్డకు ఏం తెలుసో, ఎలా తెలిసిందో పరిశీలించినవాళ్లు ఏం కనుక్కున్నారో చెప్పే తెలుగు పుస్తకాలు నేను బహు తక్కువ చూశాను. ఈ పుస్తకం ఆ తక్కువలో మేలైనది. జీవితమంతా పిల్లల వైద్యంలో గడిపినవాణ్ణి, ఈ రచయిత్రిని మా వార్డులో కేస్‌షీట్లు రాసిన రోజుల నుంచి ఎరిగినవాణ్ణి కనుక ఈ ముందుమాట రాయడం నాకు సంతోషం. తల్లి చెప్పడం పూర్తయ్యేదాకా ఈ అమ్మాయి కలం కదిపేది కాదు. ఆ గుణం ఇప్పుడు పుస్తకంలోనూ కనబడుతోంది.

మొదటి అధ్యాయం జాఁ పియాజేతో మొదలవుతుంది. 1920 ప్రాంతంలో ఈ స్విస్ యువకుడు పారిస్‌లో పిల్లల తెలివిని కొలిచే ప్రశ్నల మీద పనిచేశాడు. ఎందరు సరైన జవాబు చెప్పారో లెక్కవేయడం అతనికి అప్పగించిన పని. ఒకే వయసు పిల్లలు ఒకే రకమైన తప్పు ఎందుకు చెబుతున్నారన్నది అతన్ని పట్టుకున్న ప్రశ్న. తర్వాత తన ముగ్గురు పిల్లల పక్కనే కూర్చుని వాళ్ల చేష్టలన్నీ రాసుకున్నాడు. బొమ్మ మీద గుడ్డ కప్పితే చిన్న బిడ్డ దాన్ని వెతకడు, కాబట్టి కంటికి కనబడనిది ఆ బిడ్డ దృష్టిలో లేనట్టేనని తేల్చాడు. 1980లలో మనస్తత్వ శాస్త్రవేత్త రెనే బయార్జాన్ మరో దారి పట్టింది. చేయి చాపి వెతకలేని బిడ్డ కూడా చూడగలడు కదా. జరగడానికి వీల్లేనిది కళ్లెదుట జరిగినట్టు అమర్చి, బిడ్డ దానివైపు ఎంతసేపు చూస్తాడో కొలిచింది. నాలుగైదు నెలల పిల్లలు అలాంటివాటిని ఎక్కువసేపు చూశారు. అంటే దాచిన వస్తువు అక్కడే ఉందని వాళ్లకు ఎంతో కొంత తెలుసునన్నమాట. ఈ వాదం ఇంకా పూర్తిగా తెగలేదు. రచయిత్రి ఆ సంగతి దాచలేదు, పియాజేని తక్కువ చేయనూ లేదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది ఐదో అధ్యాయం. కెనడాలోని వాంకూవర్‌లో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రకటించిన పరిశోధన అది. ఇంగ్లీషు ఇళ్లలో పెరుగుతున్న పసిపిల్లలకు హిందీలోని ట, త శబ్దాలు వినిపించారు. మనకు తాత వేరు, టాటా వేరు. ఇంగ్లీషు మాత్రమే ఎరిగిన పెద్దవాళ్లకు ఈ రెంటికీ తేడా పట్టుకోవడం కష్టం. బిడ్డ తల్లి ఒళ్లో కూర్చుంటుంది. పక్కనున్న స్పీకరు నుంచి ఒకటే శబ్దం మళ్లీ మళ్లీ వస్తుంది. శబ్దం మారినప్పుడు బిడ్డ అటు తల తిప్పితే వెలుగుతూ ఆడే బొమ్మ కనబడుతుంది. తల్లి తెలియకుండానే సైగ చేస్తుందేమోనని ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి వేరే శబ్దం వినిపిస్తారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు శబ్దం మారగానే ఇట్టే తల తిప్పారు. పది నుంచి పన్నెండు నెలల పిల్లల్లో చాలామంది తిప్పలేదు. హిందీ ఇళ్లలో పెరిగిన పిల్లలు ఏడాది నిండే వేళకు కూడా తేడా పట్టుకోగలిగారు.

ఈ ఫలితాన్ని నిదానంగా తలకెక్కించుకోవాలి. బిడ్డ రోజురోజుకూ కొత్తవి చేర్చుకుంటూ పోతుందని అనుకుంటాం. ఇక్కడ జరిగింది వేరు. ప్రపంచంలోని ఏ భాషకైనా సిద్ధంగా వచ్చిన చెవి, తన చుట్టూ వినబడే భాషకు తగ్గట్టు కుదురుకుంటోంది. అదీ ఇంకా ఒక్క మాటైనా సరిగా పలకకముందే. ‘వాడికేం తెలుస్తుంది, మాటలు రానీ’ అనే ఇళ్లలో జరిగిపోతున్నదేమిటో ఈ అధ్యాయం చదివితే బోధపడుతుంది.

దానికి ఆనుకుని సియాటిల్‌లో పట్రీషియా కూల్ బృందం 2003లో ప్రకటించిన పరిశోధన ఉంది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలతో చైనీస్ మాట్లాడే మనుషులు పన్నెండు సార్లు ఆడి, చదివి, కబుర్లు చెప్పారు. ఆ పిల్లలు చైనీస్ శబ్దాల తేడాలు పట్టుకోగలిగారు. అవే కబుర్లు టీవీలో చూసినవాళ్లకు, ఆడియోలో విన్నవాళ్లకు ఏమీ అబ్బలేదు. అయితే రెండేళ్లు దాటిన పిల్లలు వీడియో కాల్‌లో అవతలి మనిషి తమను చూసి, తమకు బదులిస్తూ మాట్లాడినప్పుడు కొత్త మాటలు నేర్చుకున్నారని 2014లో మరో పరిశోధన చూపింది. ముందే రికార్డు చేసిన వీడియో నుంచి నేర్చుకోలేదు. డాలస్‌లో మనవరాలు, తెనాలిలో అమ్మమ్మ ఉన్న వేల కుటుంబాలకు ఇది పనికొచ్చే కబురు. బిడ్డ ‘ఊఁ’ అంటే ‘ఊఁ’ అని తిరిగి అనే మనిషి కావాలి. తెరకు ఇవతల బిడ్డ, అవతల బదులు పలికే అమ్మమ్మ ఉంటే ఆ తెర పనికొస్తుంది. అన్నం ముద్దలు మింగించడానికి రైమ్స్ వీడియో పెట్టి ఫోను చేతికిచ్చే ఇల్లు దీన్ని రెండుసార్లు చదవాలి.

కెన్యాలోని కిప్సిగిస్ తెగ పిల్లల ప్రస్తావన చిన్నదే అయినా మెచ్చుకోదగ్గది. ఆ పిల్లలు అమెరికన్ పిల్లలకన్నా దాదాపు నెల ముందే కూర్చుంటారు, నడుస్తారు. పాకడంలో మాత్రం ముందు లేరు. కారణమేమంటే తల్లులు నేలలో చిన్న గుంట తవ్వి, వీపు ఆనేట్టు కూర్చోబెట్టి వాళ్లకు కూర్చోవడం నేర్పుతారు. పాకడం ఎవరూ నేర్పరు. ఎక్కడో తయారైన వయసుల పట్టికను మన ఆసుపత్రి గోడకు తగిలించి, దాంతోనే మన బిడ్డను తూచకూడదని రచయిత్రి ఇక్కడ చెబుతోంది. ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

మరి మన పిల్లల్ని ఎవరైనా చూశారా? చూశారు. ఈ పుస్తకం రెండో భాగమంతా ఆ కథే. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపించిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకుంది. 2002లో శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కడప, అనంతపురం, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాదు జిల్లాల్లో ఏడాది అటూ ఇటూ వయసున్న సుమారు 2,000 మంది పిల్లల్ని, ఎనిమిదేళ్ల వయసు వాళ్లు మరో 1,000 మందిని తీసుకుని, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వాళ్ల ఇళ్లకు వెళ్లారు. హైదరాబాదులోని సెంటర్ ఫర్ ఎకనమిక్ అండ్ సోషల్ స్టడీస్, తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఇందులో పాలుపంచుకున్నాయి. మధ్యలో రాష్ట్రం రెండయింది. ఆనాటి పసివాళ్లు ఇప్పుడు పాతికేళ్లకు దగ్గర పడ్డారు. తెలుగు తల్లులు చెప్పిన జవాబులు ప్రపంచమంతా ఇంగ్లీషు వ్యాసాలుగా తిరుగుతున్నాయి. ఆ తల్లులు చదవగలిగే భాషలోకి ఎంత వచ్చింది? ఈ రచయిత్రి పని విలువ ఇక్కడుంది.

ఆ అధ్యయనంలో ఒక ఫలితం నాకు చాలా ముఖ్యమనిపించింది. ఏడాది వయసులో ఎదుగుదల కుంటుపడిన పిల్లల్లో కొందరు తర్వాతి ఏళ్లలో కోలుకున్నారు. అనుకున్నదానికన్నా ఎక్కువ పొడవు పెరిగినవాళ్లు చదువులో, లెక్కల్లో, పదజాలంలో కూడా మెరుగ్గా ఉన్నారు. ‘రెండేళ్లు దాటాయిగా, ఇంక అంతే’ అని తల్లుల గుండెలో రాయి వేసే మాట ఆసుపత్రుల్లో తరచు వినబడుతుంది. మొదటి రెండేళ్లు అతి విలువైనవే. తలుపు మాత్రం అక్కడితో మూసుకుపోదు. జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 దాకా హైదరాబాదు దగ్గరి పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు ఉప్మా పెట్టి చేసిన ప్రయోగం కూడా ఈ భాగంలోనే ఉంది. ఆ పల్లెల పిల్లలు యుక్తవయసుకు వచ్చేసరికి, ఉప్మా అందని పల్లెల పిల్లలకన్నా సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు.

కడుపు నిండితే చాలా అన్న ప్రశ్నకు జవాబు జమైకా నుంచి వచ్చింది. కింగ్‌స్టన్ పేటల్లో ఎదుగుదల తగ్గిన 129 మంది పిల్లలతో శాలీ గ్రాంథమ్-మెగ్రెగర్ 1980లలో ఆ జవాబు వెతికే పరిశోధన మొదలుపెట్టింది. కొందరికి పాలపొడి ఇచ్చారు. కొందరి ఇళ్లకు వారానికోసారి, రెండేళ్ల పాటు ఆరోగ్య కార్యకర్త వెళ్లి, పారేసే డబ్బాలతో, సీసాలతో చేసిన బొమ్మలు పట్టుకుని బిడ్డతో ఎలా ఆడాలో, మాట్లాడాలో తల్లికి చూపింది. కొందరికి రెండూ అందాయి. ఇరవై రెండేళ్ల వయసులో చూస్తే ఆటలు, మాటలు అందినవాళ్ల సంపాదన అందనివాళ్లకన్నా 25 శాతం ఎక్కువ. పాలపొడి ఒక్కటే అందినవాళ్లలో ఆ తేడా నిలవలేదు. మన దేశంలో 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఇవాళ ఊరూరా అంగన్‌వాడీగా ఉంది. అక్కడ బిడ్డ బరువు ప్రతి నెలా రాస్తారు. బాలామృతం ప్యాకెట్లకు లెక్క ఉంటుంది. బిడ్డతో ఎవరు ఎంతసేపు మాట్లాడారన్నదానికి మాత్రం ఏ రిజిస్టరులోనూ గడి లేదు. టీచరు తలమీద ఇన్ని రిజిస్టర్లు పెట్టి, ఆడించడానికి తీరిక దొరకనివ్వకపోవడం పెద్ద అన్యాయం.

ఒక్క కొరత చెప్పాలి. వినికిడి లోపంతో పుట్టే పిల్లల గురించి ఈ పుస్తకంలో రెండు పేజీలే ఉన్నాయి. ఆ లోపాన్ని పెంచే మేనరికాలు ఇంకా సాగుతున్న మన ప్రాంతంలో అది చాలదు. చెవి ఏడాదిలోపే భాషకు కుదురుకుంటుందని ఐదో అధ్యాయం అంత చక్కగా చెప్పాక, అసలు వినబడని బిడ్డ మాటేమిటన్న ప్రశ్న పాఠకుడికి రాక తప్పదు. లోపాన్ని ఆరు నెలల్లోపే గుర్తించి సాయం మొదలుపెడితే భాష మెరుగ్గా వస్తుందని అమెరికాలోని కొలరాడోలో జరిగిన పరిశోధన 1998లోనే చూపింది. లోపాన్ని పట్టుకోవడానికి నిద్రపోతున్న పసికందు చెవిలో చిన్న గొట్టం పెట్టి నిమిషాల్లో చేసే పరీక్ష ఉంది, నొప్పి ఉండదు. రెండో ముద్రణలో దీనికి పూర్తి అధ్యాయం ఉండాలి. ఇది గురువుగా నా ఆదేశమే అనుకోమని రచయిత్రికి చెబుతున్నాను.

అంగన్‌వాడీ టీచర్ల శిక్షణలో ఈ పుస్తకాన్ని చేర్చాలని రెండు రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ శాఖలను, ప్రతి శాఖా గ్రంథాలయానికీ కొనాలని జిల్లా గ్రంథాలయ సంస్థలను కోరుతున్నాను. పాఠకులకు ఒక మనవి: ఇంట్లో చదువురాని అమ్మమ్మ, నానమ్మ ఉంటే ఐదో అధ్యాయాన్ని వాళ్లకు పైకి చదివి వినిపించండి.