మూగవోయిన పాటకు గొంతు: టామస్ బింక్లీ సంగీతకృషి

ప్రాచీనకవిత్వాన్ని గూర్చి వ్రాసే విమర్శకులు సాధారణంగా గ్రంథస్థమైన పాఠాన్నే కవిత్వమని భావిస్తారు. పాడడానికి పుట్టిన కవిత్వం విషయంలో ఇది సగం సత్యమే. పన్నెండు, పదమూడు శతాబ్దాలలో దక్షిణ ఫ్రాన్సున ఓక్సితాన్ భాషలో వెలసిన త్రుబదూరు కవుల రచనలు సుమారు 2,500 మిగిలి ఉన్నవి. వానిలో దాదాపు పదింట ఒకవంతుకు మాత్రమే వరుసలు దక్కినవి. దక్కిన వరుసలలో సైతం స్వరాల ఆరోహణావరోహణలు తెలియునే గాని, చాలవరకు ఏ స్వరం ఎంత కాలం నిలువవలెనో, గొంతుకు తోడుగా ఏ వాద్యం మ్రోగవలెనో తెలియదు. ఈ మౌనంతో తలపడుటయే జీవితకార్యంగా స్వీకరించిన కళాకారుడు టామస్ బింక్లీ.

బింక్లీ 1931లో అమెరికాలోని క్లీవ్‌లండ్ నగరంలో జన్మించినాడు. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలోను, పిమ్మట మ్యూనిక్‌లోను చదివినాడు. అతని వాద్యం ల్యూట్. పేరులోను, రూపంలోను ఇది అరబ్బుల ఊద్‌కు సంతానం. పదిహేనవ శతాబ్దం చివరిభాగం వరకు ఐరోపా వాదకులు దీనిని ప్రధానంగా ఈకముక్కతోనే మీటేవారు. వ్రేళ్లతో మీటుట తరువాత స్థిరపడిన పద్ధతి. వాద్యం చరిత్రలోని ఈ వివరమే బింక్లీ ఆలోచనకు మూలకందమైనదని చెప్పవచ్చును. 1960 ప్రాంతంలో అతడు గాయని ఆండ్రియా ఫాన్ రామ్, తంత్రీవాద్యకారుడు స్టెర్లింగ్ జోన్స్, గాయకుడు నైజెల్ రోజర్స్ తోడుగా మ్యూనిక్‌లో ‘ప్రాచీనసంగీత శిల్పశాల’ అనే అర్థం గల పేరుతో ఒక బృందాన్ని స్థాపించినాడు.

ఆ నగర గ్రంథాలయంలోనే ‘కార్మినా బురానా’ వ్రాతప్రతి ఉన్నది. 1803లో బెనెడిక్ట్‌బాయర్న్ మఠంలో బయల్పడిన ఈ సంపుటంలోని కొన్ని గీతాలపై రేఖలు లేని స్వరచిహ్నాలున్నవి. పాట ఎరిగినవానికి అవి జ్ఞాపికలు, ఎరుగనివానికి మూగగుర్తులు. కార్ల్ ఓర్ఫ్ ఆ పదాలను మాత్రమే గ్రహించి తన సొంత సంగీతం కూర్చినాడు. ఆ కృతి 1937లో ప్రదర్శితమైనది. బింక్లీ వేరు మార్గం త్రొక్కినాడు. ఇతర వ్రాతప్రతులలో స్పష్టంగా నిలిచిన వరుసలతో ఆ చిహ్నాలను పోల్చిన పండితుల కృషిని ఆధారం చేసికొని, 1964లో ఆ గీతాలను రికార్డు చేసినాడు.

వరుస దొరికినంతమాత్రాన పాట కాదు. ఒకే వరుసపై ఏడెనిమిది చరణాలు సాగే గీతాన్ని శ్రోత ఎట్లు వినును? బింక్లీ ఈ ప్రశ్నకు ఉత్తర ఆఫ్రికాలో నేటికీ సజీవంగా ఉన్న ఆందలూసీ సంప్రదాయంలో సమాధానం వెదకినాడు. వాద్యంపై ముందుగా వరుస స్వభావాన్ని పరిచయం చేయుట, చరణాల నడుమ స్వరవిస్తారం, నిలుకడ శ్రుతి అతని పద్ధతులైనవి. ఆలాపనతో పరిచయమున్న తెలుగు శ్రోతకు ఇందులో వింత తోచదు. 1970 నాటి త్రుబదూరు గీతాల రికార్డులో ఈ పద్ధతి పరిపక్వదశకు వచ్చినది. కవయిత్రుల గీతాలలో వరుసతో సహా మిగిలినది దియా ప్రభ్వి రచన ఒక్కటే. దానిని విన్నపుడు ఆమె నిష్ఠురం చరణచరణానికి ఎట్లు పెరుగునో తెలియును. పుటపై చదివినపుడు పునరుక్తిగా తోచినది పాటలో తీవ్రతగా మారును.

అయినను ఈ మార్గానికి బలమైన ఆక్షేపణ వచ్చినది. 1980లలో క్రిస్టఫర్ పేజ్ నాటి సాహిత్యసాక్ష్యాలను పరిశీలించి, ఉన్నతశైలికి చెందిన త్రుబదూరు గీతాలకు వాద్యసహకారం సహజమని చెప్పుటకు ఆధారాలు చాలవని వాదించినాడు. అరబ్బు సామ్యం ఊహయే గాని నిరూపణ కాదు. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. బింక్లీ సైతం 1977లో తన పద్ధతిని వివరించిన వ్యాసానికి ‘పనిశాల నివేదిక’ అని ఉపశీర్షిక ఉంచినాడు, సిద్ధాంతమని చెప్పుకొనలేదు. కాని రికార్డుకు ఆ వినయం లేదు. ఆధారం ఎక్కడ ముగిసినదో, కల్పన ఎక్కడ ఆరంభమైనదో వినేవానికి తెలియదు. అతని కృషిలోని నిజమైన లోపం కల్పన కాదు, అతుకు కనబడకుండుట.

ఈ సమస్య తెలుగుదేశానికి పరాయిది కాదు. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకులపై రాగనామాలతో దక్కినవి, వరుసలు దక్కలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు ఇరవయ్యవ శతాబ్దంలో అనేక కీర్తనలకు వరుసలు కూర్చినారు. ఆ కూర్పు లేకున్న ఆ పదాలు ఇన్ని ఇండ్లలో వినబడేవి కావు. ఆ వరుసలు అన్నమయ్యవే అని తలచుట మాత్రం భ్రమ. ఋణం తీర్చుకొనుటకు కూర్చినవారి పేరు చెప్పవలెను.

బింక్లీ 1973 నుండి 1977 వరకు బాసెల్‌లోను, 1979 నుండి అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలోను బోధించి 1995లో మరణించినాడు. బాసెల్‌లో అతనివద్ద చదివిన బెంజమిన్ బ్యాగ్బీ, బార్బరా థార్న్‌టన్ 1977లో సెక్వెన్షియా బృందాన్ని స్థాపించి వేరు దారిలో నడిచినారు. గురువు చెప్పిన సమాధానాలు కొన్ని నిలువలేదు. వేసిన ప్రశ్న నిలిచినది. మౌనంగా ఉన్న పాఠాన్ని మౌనంగానే కాపాడుట పాండిత్యం. దానికి గొంతునిచ్చి, ఆ గొంతు తనదేనని ఒప్పుకొనుట కళాకారుని ధర్మం. బింక్లీ మొదటిదానిని ఎన్నడును విడువలేదు. రెండవదానిని వ్రాతలో పాటించినంతగా పాటలో పాటించలేకపోయినాడు.